మొదటి సాలార్ జంగ్: వారసత్వమూ, వ్యవస్థా

విహారయాత్రకై హైదరాబాదు వెళ్లిన విద్యార్థి బృందాలు సాలార్ జంగ్ మ్యూజియంను చూడక తిరిగి రావడం అరుదు. అచ్చట మేలిముసుగు ధరించిన రెబెక్కా పాలరాతి విగ్రహం ఎదుట నిలిచి, రాతిని పలుచని వలువగా మలచిన శిల్పి నైపుణ్యానికి అబ్బురపడనివారు ఉండరు. ఆ విగ్రహాన్ని 1876లో ఐరోపా యాత్రలో సంపాదించినవారు మొదటి సాలార్ జంగ్. మ్యూజియంలోని కళాసంపదలో అత్యధిక భాగాన్ని సేకరించినవారు ఆయన మనుమడు మూడవ సాలార్ జంగ్. తాతకు, కుమారునికి, మనుమనికి బిరుదు ఒక్కటే కావడం వలన ముగ్గురూ మన జ్ఞాపకంలో ఒక్కరుగా కలిసిపోయారు. ముగ్గురూ నిజాం రాజ్యానికి దివానులే. కాని రాజ్యానికి ముగ్గురి వలనా కలిగిన ఫలం ఒక్కటి కాదు.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది మ్యూజియం కథ కాదు. ప్రభుత్వాధికారం ఒకే కుటుంబంలో తరతరాలుగా నిలిచినప్పుడు ఏమి జరుగుతుంది? అట్టి కుటుంబం నుండియే ఒక సమర్థుడు, నిజాయితీపరుడు ఉదయించి అవినీతిని ఎదుర్కొన్నప్పుడు ఆ మేలు ఎంతకాలం నిలుస్తుంది? ఈ రెండు ప్రశ్నలకు మన తెలుగునేలపై మొదటి సాలార్ జంగ్ జీవితం కంటె చక్కని సమాధానం మరొకటి లేదని మా అభిప్రాయం.

మనకూ ఆ దివాణానికీ గల సంబంధం

ఏలూరులో చదువుకొనే విద్యార్థికి హైదరాబాదు దివాను చరిత్ర ఎందుకు అని ఎవరైనా అడుగవచ్చును. ఏలూరు నుండి తాడేపల్లిగూడెం మీదుగా గోదావరి వరకు, దక్షిణాన కొల్లేటి లంకల వరకు గల మన ప్రాంతమంతా ఒకప్పుడు ఏలూరు, రాజమహేంద్రవరం సర్కార్లలో భాగమై నిజాము పాలనలో ఉండేది. 1748లో మొదటి నిజాము మరణించిన పిమ్మట ఆయన కుమారులకూ, కుమార్తె కుమారునికీ మధ్య గద్దె కోసం పోరు చెలరేగింది. ఆ పోరులో ఫ్రెంచివారి అండతో నెగ్గిన సలాబత్ జంగ్ 1753లో వారి సైన్యపు జీతాల నిమిత్తం ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం, ముస్తఫానగర్ సర్కార్లను వారి స్వాధీనం చేశాడు. ముస్తఫానగర్ అనగా మన కొండపల్లియే. 1759లో ఆంగ్లేయులు మచిలీపట్నాన్ని పట్టుకోగా ఫ్రెంచివారి ప్రాబల్యం అంతరించింది. 1766 నవంబరులో జరిగిన సంధితో ఈ సర్కార్లు ఈస్టిండియా కంపెనీ వశమైనాయి. ఒక కుటుంబంలోని వారసత్వ కలహం మన పొలాలకు యజమానిని మార్చివేసింది. ఆ మార్పు గురించి మన రైతును అడిగినవారెవరూ లేరు.

అయినను ఒక చిన్న బంధం మిగిలి ఉన్నది. సర్కార్లకు బదులుగా కంపెనీవారు నిజాముకు ఏటా పేష్కషు చెల్లించవలసి ఉండేది. అది కాలక్రమంలో ఏడు లక్షల రూపాయలుగా స్థిరపడింది. ఆ బంధం కూడ 1823లో తెగిపోయింది. దానికి కారణం యుద్ధం కాదు, అప్పు.

ఆ అప్పు కథ తెలుసుకోనిదే సాలార్ జంగ్ చేసిన పని విలువ తెలియదు. నిజాము సైన్యమని పేరు పెట్టి, ఆంగ్లేయ అధికారుల పెత్తనం క్రింద ఒక దళాన్ని హైదరాబాదులో పోషించేవారు. పేరు నిజాముది, ఆజ్ఞ రెసిడెంటుది, జీతం మాత్రం రైతు చెల్లించిన శిస్తు నుండి రావలసినది. ఖజానా ఖాళీ అయినప్పుడు విలియం పామర్ కంపెనీ అనే వడ్డీ వ్యాపార సంస్థ హెచ్చు వడ్డీకి అప్పు ఇచ్చేది. ఆ సంస్థలో భాగస్వామియైన రంబోల్డు, గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ప్రభువుకు కుటుంబరీత్యా ఆప్తుడు. ఐరోపావారు దేశీయ సంస్థానాధీశులకు అప్పులు ఇవ్వరాదన్న నిషేధం నుండి 1816లో ఈ ఒక్క సంస్థకు మినహాయింపు లభించడంలో ఆశ్చర్యం లేదు. బంధుప్రీతి మన దేశపు సొత్తు మాత్రమేనని తలచేవారు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి. పిమ్మట వచ్చిన రెసిడెంటు మెట్కాఫ్ ఈ వ్యవహారాన్ని బయటపెట్టాడు. ఆ అప్పును తీర్చే నిమిత్తం నిజాము ప్రభుత్వం సర్కార్ల పేష్కషు హక్కును 1,16,66,666 రూపాయలకు శాశ్వతంగా వదులుకున్నది. నూటికి ఆరు వంతున ఏటా ఏడు లక్షలు రావడానికి ఎంత మూలధనం కావలెనో సరిగా అంత మొత్తమన్నమాట. కొల్లేటి నేలకూ గోల్కొండ గద్దెకూ గల కడపటి దారం వడ్డీ వ్యాపారి లెక్కపుస్తకంలో ఆ విధంగా తెగినది.

ఆనాటి దివాను ఎవరు? మునీరుల్ ముల్క్. ఆయనే మన కథానాయకుని పితామహుడు.

దివానుల వంశం

సాలార్ జంగ్ పూర్వులు తాము మదీనా నుండి వచ్చిన ఉవైస్ కర్నీ సంతతివారమని చెప్పుకొనేవారు. వారు బిజాపూరు సుల్తానుల కాలంలో దక్కనులో స్థిరపడి, అనంతరం నిజాముల కొలువులో ఉన్నత పదవులు పొందారు. 1804 నుండి 1808 వరకు దివానుగా ఉన్న మీర్ ఆలం తన కుమార్తెను ఈ వంశంలోని మునీరుల్ ముల్క్‌కు ఇచ్చి వివాహం చేశాడు. మామ మరణించిన పిమ్మట 1809లో అల్లుడు దివాను అయినాడు. కాని రాజ్యవ్యవహారాలలో జోక్యం చేసుకోరాదన్న ఒప్పందం మీద ఆయనకు ఆ పదవి లభించింది. 1832లో కన్నుమూసే వరకు ఆయన పేరుకు మాత్రమే దివాను. అధికారమంతా పేష్కారు చందూలాల్ చేతిలో ఉండేది. పదవి ఉండి పని లేకపోవడం, పని చేయకపోయినా పదవి పోకపోవడం అనే స్థితికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

చందూలాల్ దాతగా, కవిపోషకుడుగా ప్రసిద్ధుడు. కాని ఆయన కాలంలో శిస్తు వసూలు ఇజారా పద్ధతిపై సాగింది. ఇజారా అనగా గుత్త. ఎవరు ముందుగా ఎక్కువ సొమ్ము చెల్లిస్తే వారికి తాలూకా. రేపు మరొకడు అంతకంటె ఎక్కువ ఇస్తానంటే నేటి గుత్తదారు తొలగిపోవలసినదే. తన పదవి ఎన్నాళ్లుంటుందో తెలియని గుత్తదారు, పంట పండినా పండకపోయినా, తాను చెల్లించిన సొమ్మునకు రెట్టింపు రాబట్టుకోవాలని చూసేవాడు. చెరువు గండిని పూడ్చడం, కాలువ పూడిక తీయించడం అతనికి దండుగ వ్యయంగా తోచేది. ఇజారాదారులకు అప్పులిచ్చే అరబ్బు జమాదారులు, రొహిల్లాలు, సాహుకార్లు బాకీ క్రింద తాలూకాలనే తాకట్టు పట్టి, స్వంత సిపాయిలతో శిస్తు వసూలు చేసుకొనేవారు. ప్రభుత్వం ఉన్నది, ప్రభుత్వాదాయం లేదు. అధికారులు ఉన్నారు, జీతాలు లేవు. జీతం లేని అధికారి ఏ విధంగా జీవిస్తాడో వివరించనక్కరలేదు.

చందూలాల్ 1843లో పదవి వదిలిన అనంతరం మునీరుల్ ముల్క్ కుమారుడు సిరాజుల్ ముల్క్ రెండు పర్యాయాలు దివాను అయినాడు. అప్పటికి పామర్ బాకీ తీరినా, సైన్యపు జీతాల బాకీ పెరిగి పర్వతమైంది. 1853 మే 21న జరిగిన సంధితో బీరారు, రాయచూరు అంతర్వేది, నల్దుర్గం ప్రాంతాలను ఆ బాకీ క్రింద ఆంగ్లేయుల ఆధీనం చేయవలసి వచ్చింది. ప్రత్తి పండే నల్లరేగడి నేలకు బీరారు పెట్టినది పేరు. ఆ సంధి జరిగిన కొద్ది దినాలకే సిరాజుల్ ముల్క్ మరణించాడు. అవమానం, అప్పు, ఖాళీ ఖజానా వారసత్వంగా మిగిలాయి. వాటితోపాటు దివాను పదవి కూడ ఆయన అన్నగారి కుమారునికి లభించింది. ఆ యువకుడు మీర్ తురాబ్ అలీఖాన్. అప్పటికి ఆయన వయస్సు ఇరవైనాలుగు సంవత్సరాలు.

ఇరవైనాలుగేండ్ల దివాను

మీర్ తురాబ్ అలీఖాన్ 1829 జనవరి 21న బిజాపూరులో జన్మించాడు. పసితనంలోనే తండ్రిని కోల్పోయి మొదట పితామహుని, పిదప పినతండ్రి సిరాజుల్ ముల్క్ సంరక్షణలో పెరిగాడు. ఫార్సీ, అరబ్బీ భాషలతోపాటు ఆంగ్లం కూడ అభ్యసించాడు. పందొమ్మిదేండ్ల ప్రాయంలో తెలంగాణలో తాలూక్దారుగా కొన్ని నెలలు పనిచేయడం వలన శిస్తు ఎక్కడ పుట్టి ఎక్కడ మాయమవుతుందో కన్నులారా చూచే అవకాశం ఆయనకు కలిగింది. ఆ అనుభవం ఆయనకు ఏ గ్రంథమూ నేర్పలేని పాఠం నేర్పిందని మేము భావిస్తున్నాము.

ఇచ్చట ఒక విశేషాన్ని గమనించాలి. ఆయన దివాను అయిన 1853లోనే లండనులో పార్లమెంటు చేసిన చట్టం, ఇండియాలోని సివిల్ ఉద్యోగాలకు సిఫారసు పద్ధతిని రద్దుపరచి పోటీ పరీక్షను ప్రవేశపెట్టింది. ఆ పరీక్ష లండనులో జరిగినందున భారతీయులకు చాలకాలం అందని ద్రాక్షపండే అయినది. అయినను పుట్టుక కంటె పరీక్ష మేలన్న సూత్రం అంగీకృతమైంది. అదే సంవత్సరంలో హైదరాబాదులో పినతండ్రి పదవి అన్నకొడుకునకు సంక్రమించింది. ఈసారి అదృష్టవశాత్తు ఆ పదవి యోగ్యునికే లభించింది. ఆ అదృష్టం ప్రతి తరంలోనూ కలుగుతుందన్న భరోసా ఎక్కడిది?

కొత్త దివాను చేపట్టిన మొదటి కార్యం లెక్కలు. తాకట్టులో ఉన్న తాలూకాలను అరబ్బు జమాదారుల నుండి, రొహిల్లాల నుండి ఒక్కొక్కటిగా విడిపించాడు. న్యాయమైన బాకీకి వాయిదాలు నిర్ణయించి, అన్యాయమైన వడ్డీకి కోత విధించాడు. బలవంతునితో బేరం, బలహీనునికి భరోసా ఆయన పద్ధతిగా ఉండేది. ఇజారాదారులను క్రమంగా తొలగించి, నెలజీతంపై పనిచేసే తాలూక్దారులను నియమించాడు. రైతు పండించిన ధాన్యాన్ని కళ్లంలో పంచుకొనే బటాయి పద్ధతికి బదులు నగదు శిస్తును ప్రవేశపెట్టాడు. ఊరూరా వేర్వేరు టంకసాలల నాణెములు చెలామణి అయ్యే అరాచకానికి హాలీ సిక్కాతో స్వస్తి చెప్పాడు.

1865లో జిల్లాబందీ ఆరంభమైంది. రాజ్యం సుబాలుగా, జిల్లాలుగా, తాలూకాలుగా విభజింపబడింది. ప్రతి స్థాయిలోనూ ఒక అధికారి, ఆ అధికారికి ఒక జీతం, ఆ జీతానికి ఒక పద్దు ఏర్పడ్డాయి. న్యాయ, పోలీసు, విద్య, ప్రజాపనుల శాఖలు రూపొందాయి. 1868లో నలుగురు సదరుల్ మహాములు, అనగా మంత్రులు, నియమితులైనారు. నేడు మనం తెలంగాణలో చూచే జిల్లా పరిపాలనకు పునాది ఆనాడు పడినదే. విద్యారంగంలో 1850ల దశకంలోనే నగరంలో దారుల్ ఉలూం పాఠశాల వెలసింది. అందులో అరబ్బీ, ఫార్సీలతోపాటు ఆంగ్ల బోధన కూడ సాగింది. 1874లో వాడి నుండి హైదరాబాదునకు రైలుమార్గం వచ్చింది. ఆ మార్గాన్ని ఆయన మరణానంతరం బెజవాడ వరకు పొడిగించారు. మన ఏలూరు ప్రయాణికులు బెజవాడ మీదుగా హైదరాబాదు చేరే బాటకు మూలం అక్కడ ఉన్నది.

ఈ సంస్కరణలన్నిటిలోనూ మాకు మిక్కిలి ముఖ్యంగా తోచేది జీతం సంగతి. అవినీతిని ధర్మోపన్యాసంతో తొలగించవచ్చునని ఆయన భ్రమపడలేదు. ఉద్యోగి సక్రమంగా బ్రతకడానికి చాలినంత జీతం సకాలంలో ఇవ్వాలి, అతని పద్దును మరొకడు తనిఖీ చేయాలి, తప్పు చేస్తే పదవి పోవాలి. ఈ మూడూ ఉంటేనే నిజాయితీపరునికి రక్షణ, అక్రమపరునికి భయం. గ్వాలియరులో దినకర్ రావు, తిరువాన్కూరు, బరోడాలలో మాధవరావు ఇదే కాలంలో ఇట్టి మార్గాన్నే అనుసరించారు. కాని అప్పులో, అరాచకంలో హైదరాబాదుతో తూగగల సంస్థానం మరొకటి లేకుండెను.

శత్రువులు

లంచంతో బ్రతికేవారికి లెక్క అడిగేవాడు శత్రువు. ఇజారాలు పోయినవారు, తాకట్టులు పోయినవారు, నగరంలోని కొందరు అమీర్లు ఆయనపై నిజాముకు చాడీలు చెప్పేవారు. 1857లో గద్దెనెక్కిన అఫ్జలుద్దౌలాకు దివానుపై విశ్వాసం ఉండేది కాదు. ప్రభువు అనుమతి లేనిదే దివాను నగరం దాటి పోరాదు. జిల్లాలను సంస్కరించినవాడు జిల్లాలను స్వేచ్ఛగా చూచే వీలు లేని స్థితిలో పనిచేశాడు. 1861లోను, 1867లోను ఆయనను తొలగించే ప్రయత్నాలు సాగి విఫలమైనాయి. 1859లో ఒకసారి, 1868లో మరొకసారి ఆయన ప్రాణంపై దాడి జరిగింది. రెండుసార్లూ అపాయం తప్పింది.

ఆయనకు రక్షణగా నిలిచినది రెసిడెంటు బలం. ఆ బలానికి ఆయన చెల్లించిన మూల్యం 1857 నాటిది. ఆ సంవత్సరం జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ల నాయకత్వంలో జనం రెసిడెన్సీపై దాడి చేసినప్పుడు దివాను ఆంగ్లేయుల పక్షాన నిలిచాడు. తుర్రెబాజ్ ఖాన్ తుపాకి గుండుకు బలియైనాడు. మౌల్వీ అలావుద్దీన్ అండమానులో ఖైదీ అయినాడు. హైదరాబాదు తిరుగబడి ఉంటే దక్షిణాపథమంతా రగిలి ఉండేదని నాటి ఆంగ్లేయులే తలపోశారు. సాలార్ జంగ్ రాజ్యాన్ని వినాశనం నుండి కాపాడాడని కొందరు, స్వాతంత్ర్య సమరానికి అడ్డు నిలిచాడని కొందరు నేటికీ వాదిస్తారు. మేము ఒక్క మాట మాత్రం చెప్పగలము. ప్రజలు ఎన్నుకొనని అధికారి ప్రజలపై ఆధారపడలేడు. గద్దె అనుమానిస్తే పరాయి ప్రభుత్వాన్ని ఆశ్రయించవలసినదే. ఆయన దుర్బలత్వం ఆయన గుణంలోనిది కాదు, ఆయన పదవి స్వభావంలోనిది.

బీరారు ఆశ

1860లో ఆంగ్లేయులు కృతజ్ఞతగా రాయచూరు, నల్దుర్గం ప్రాంతాలను తిరిగి ఇచ్చి, యాభై లక్షల బాకీని రద్దు చేశారు. బీరారును మాత్రం వదలలేదు. అప్పు వలన పోయిన నేలను అప్పు తీర్చి తిరిగి పొందాలన్నది సాలార్ జంగ్ జీవితాశయం. 1869లో అఫ్జలుద్దౌలా మరణించగా మూడేండ్లయినా నిండని మహబూబ్ అలీఖాన్ నిజాం అయినాడు. సాలార్ జంగ్ షంసుల్ ఉమరాతో కలిసి రాజప్రతినిధిగా పాలన సాగించాడు. సైన్యపు ఖర్చుకు హామీగా రొక్కం జమచేస్తామని, బీరారును తిరిగి ఇవ్వవలసినదని ఆయన పలుమార్లు కోరాడు. 1876లో ఆయన ఐరోపా వెళ్లడంలో ఆంతర్యం ఇదే. రోమునగరంలో విగ్రహాన్ని సంపాదించిన యాత్ర అదే. పారిస్ నగరంలో మెట్లపై జారిపడి కాలి ఎముక విరిగినా ప్రయాణం మానలేదు. ఇంగ్లండులో ఆయనకు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం గౌరవ పట్టం ఇచ్చింది, లండను నగరం గౌరవ పౌరసత్వం ఇచ్చింది. బీరారును మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆయన పట్టుదలకు ప్రతిఫలంగా వైస్రాయి లిట్టన్ ప్రభువు 1877లో ఆయనకు ప్రతికూలుడైన అమీరును సహ రాజప్రతినిధిగా నియమింపజేశాడు. విధేయతకు పరిమితి లేదు గాని, దానికి లభించే ప్రతిఫలానికి పరిమితి ఉన్నదని ఆయన ఆలస్యంగా తెలుసుకున్నాడు.

1883 ఫిబ్రవరి 8న కలరా వ్యాధితో సాలార్ జంగ్ హఠాత్తుగా కన్నుమూశాడు. వయస్సు యాభైనాలుగు. దాయిరా మీర్ మోమిన్‌లో ఆయనను సమాధి చేశారు. ముప్పది సంవత్సరాల పాలన ఒక్క దినపు జబ్బుతో ముగిసింది.

ఆయన పిమ్మట

మన ప్రశ్నకు సమాధానం ఇచ్చట లభిస్తుంది. 1884లో పాలనాధికారం స్వీకరించిన యువ నిజాము, సాలార్ జంగ్ కుమారుడు లాయిక్ అలీని దివానుగా నియమించాడు. ప్రభువుకు పదునేడేండ్లు, దివానుకు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. తండ్రి పేరు తప్ప మరే అర్హతయు పరీక్షింపబడలేదు. మూడేండ్లలోనే ప్రభువుకూ దివానుకూ వైరం ముదిరి 1887లో ఆయన తొలగవలసి వచ్చింది. 1889లో ఆయన అకాలమరణం చెందాడు. 1888లో గనుల కంపెనీ వ్యవహారం బయటపడింది. గనుల హక్కు విషయంలో రాజ్యం తరఫున బేరసారాలు నడిపిన ఉన్నతాధికారియే ఆ కంపెనీ వాటాలను రాజ్యానికి అమ్మి లాభపడినట్లు వెల్లడి కాగా, లండను పార్లమెంటు విచారణ సంఘాన్ని నియమించింది. లెక్కలు అడిగే దివాను మరణించి అప్పటికి అయిదేండ్లు మాత్రమే. 1902లో బీరారు ఆంగ్లేయులకు శాశ్వతపు కౌలు అయినది. 1912లో మనుమడు యూసుఫ్ అలీఖాన్, అనగా మూడవ సాలార్ జంగ్, ఇరవైమూడేండ్ల వయస్సులో దివాను అయి రెండేండ్లకే విరమించాడు. ఆయన రాజ్యానికి చేయలేని సేవను కళకు చేశాడు. అవివాహితుడుగా 1949లో మరణించగా, ఆ సంపద 1951లో మ్యూజియం రూపంలో ప్రజలకు దక్కింది. ఆ వంశపు ఆస్తిలో తరాలను దాటి నిలిచినది ప్రజల పరమైన భాగమే.

న్యాయం కోసం మరొక విషయం కూడ చెప్పాలి. సాలార్ జంగ్ సంస్కరణలు ప్రభుత్వపు భూములకే పరిమితమైనాయి. రాజ్యంలో పెద్ద భాగం నిజాము స్వంత భూములుగా, పాయిగాలుగా, జాగీర్లుగా ఉండేది. ఆయన వంశానికే విశాలమైన జాగీరు ఉండేది. వారసత్వపు పదవిలో ఉన్నవాడు వారసత్వపు జాగీర్లను కదిలించలేకపోయాడు. జాగీర్లు 1949 వరకు నిలిచాయి. భాషావిషయం మరొకటి. రాజ్యంలో సగానికి సమీపంగా ప్రజల మాతృభాష తెలుగు. కచేరీలలో ఆయన కాలమంతా ఫార్సీ, ఆయన పిమ్మట ఉర్దూ. తన శిస్తు రసీదును తాను చదువుకోలేని రైతును మోసగించడం సులువు. ఉర్దూను ప్రేమించే మేమే ఈ మాట చెప్పడం ఉచితం. ఏ భాషయైనా ప్రజలకు అర్థం కాని కచేరీ భాషగా మారినప్పుడు అది లంచగొండికి తెర అవుతుంది. రెండు భాషలకూ సమానంగా స్థానం ఇచ్చే మన కళాశాల సంచికకు ఈ విషయం కొత్త కాదు.

మనకు గల పాఠం

ఇది గతించిన రాచరికపు ముచ్చట మాత్రమే కాదు. ఫిలిప్పీన్స్ దేశంలో మార్కోస్ నియంతృత్వాన్ని ప్రజలు 1986లో కూలదోశారు. ఆ మరుసటి ఏట వచ్చిన రాజ్యాంగం రాజకీయ వంశపాలనను నిషేధించాలని నిర్దేశించి, దాని నిర్వచనాన్ని చట్టసభకు వదిలింది. చట్టసభలో అధిక సంఖ్యాకులు ఆ వంశాలవారే కావడం వలన మూడు దశాబ్దాలు గడిచినా సమగ్రమైన చట్టం రాలేదు. 2022లో అదే మార్కోస్ కుమారుడు ప్రజల ఓటుతో అధ్యక్షుడైనాడు. రాచరికం పోయి ఓటు వచ్చినంత మాత్రాన వంశం పోదని దీనివలన తెలుస్తున్నది. మన రాష్ట్రంలోను, మన దేశంలోను తండ్రి నియోజకవర్గం కుమారునికి, భర్తది భార్యకు సంక్రమించిన ఉదాహరణలు విద్యార్థులకు మేము చెప్పనవసరం లేదు.

ఇజారా కూడ అంతరించలేదు. పేరు మార్చుకున్నది. బుడమేరు, తమ్మిలేరు నీటిని నింపుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే మన కొల్లేరులో, బీదలకూ మత్స్యకారులకూ సహకార సంఘాల పేరున 1970ల దశకంలో ఇచ్చిన చేపల చెరువులు క్రమంగా లీజుల రూపంలో సంపన్నుల చేతులలోకి పోయాయి. కాగితంపై పేరు బీదవానిది, గట్టుపై పెత్తనం మరొకరిది. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అక్రమపు గట్లను యంత్రాలతో తొలగించారు. నీరు పారవలసిన దారిలో గట్టు వేసినవానికి నేటి లాభమే ప్రధానం. చెరువు గండిని పట్టించుకోని ఇజారాదారునకూ ఇతనికీ మాకు భేదం కనిపించదు.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు గ్రామాధికారులు, గుమాస్తాలు, తనిఖీదారులు, ఉపాధ్యాయులు కాగలరు. సాలార్ జంగ్ మన మతస్థుడని గర్వించడం సహజం. కాని ఆయన పుట్టుకను గాక ఆయన పద్దుపుస్తకాన్ని ఆదర్శంగా స్వీకరించండి. మంచి ప్రభువు కోసం ఎదురుచూచే సమాజానికి మంచి ప్రభువు ఎప్పుడో ఒకసారి లభిస్తాడు, ముప్పదేండ్లకు మరణిస్తాడు. ప్రతి ఒక్కరినీ లెక్క అడిగే పద్ధతిని ఏర్పరచుకొన్న సమాజానికి ప్రభువు ఎవరైనా భయం లేదు.

పెద్దలకు కూడ ఒక మనవి. వక్ఫు ఆస్తి అయినా, సహకార సంఘమైనా, విద్యాసంస్థ కమిటీ అయినా, సేవ చేసిన తండ్రి స్థానంలో కుమారుడు కూర్చోవడం తప్పు కాదు. అతడు పరీక్షకు నిలిచి, లెక్క చూపి, గడువు తీరగానే లేవగలిగితే చాలు. సాలార్ జంగ్ ముప్పది సంవత్సరాలు రాజ్యానికి జీతపు పట్టీలు, జమాఖర్చులు నేర్పాడు. తన తరువాత ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో నిర్ణయించే పద్ధతిని మాత్రం ఏర్పరచలేకపోయాడు. ఆయన విడిచిన ఆ పనిని పూర్తి చేయడం ప్రజాస్వామ్యంలో పుట్టిన మన వంతు.